నాలుగు దారుల లెక్క

ఉదయము ఎనిమిది గంటలు దాటినది. పట్టణము నడుమ నున్న సర్కిల్ చుట్టును వాహనములు తిరుగుచున్నవి. రైలు స్టేషను దారినుండి ఆటోలు, బస్సుస్టాండు దారినుండి బస్సులు, మార్కెట్టు యార్డు దారినుండి సరకుల లారీలు ఒకదాని వెంట నొకటి వచ్చి, మధ్యనున్న దిమ్మెను చుట్టి, తమ తమ దారులు పట్టి పోవుచున్నవి. వీని నడుమ సైకిళ్లపై బడికి పోవు పిల్లలు, తలపై గంపలతో నడచు స్త్రీలు, రోడ్డు దాటుటకు వేచియున్న వృద్ధులు కనబడుచున్నారు. “అబ్బా! ఎంత రద్దీ!” అని చూచినవారెల్ల అనుకొందురు. కాని ‘ఎంత’ అని ఎవరైన నిలబెట్టి అడిగినచో సరియైన జవాబు చెప్పగలవారు అరుదు. ఆ జవాబును సంపాదించు పనియే వాహన గణనము. చూచుటకు ఇది పిల్లల ఆటవలె తోచును. సరిగా చేయుటకు మాత్రము చాల ముందుచూపు కావలెను.

నాలుగైదు రోడ్లు కలియు చోట నడుమ గుండ్రని దిమ్మెను కట్టి, వాహనము లన్నియు దాని చుట్టు ఒకే దిక్కుగా తిరుగునట్లు చేసిన కూడలిని వలయ కూడలి యందురు. జనుల వాడుకలో నది సర్కిల్. విజయవాడలోని బెంజి సర్కిల్ పేరు తెలుగువారిలో విననివా రుండరు. పారిస్ నగరములో విజయ తోరణము చుట్టును వాహనములు ఒకే దిక్కున తిరుగవలెనను ఏర్పాటు 1907లో వచ్చినది. ఎడమ ప్రక్కగా నడచు మన దేశములో వాహనములు దిమ్మెను కుడిచేతి వైపున ఉంచుకొని తిరుగును. దేవాలయములో ప్రదక్షిణము చేయువాడు గర్భగుడిని కుడివైపున ఉంచుకొనుట ఎట్లో, ఇదియు నట్లే. అందుచేత మన పిల్లలకు సర్కిల్ తిరుగు దిక్కును వేరుగా నేర్పనక్కర లేదు.

వలయ కూడలికి ప్రాణము ఒక చిన్న నియమము. లోపల తిరుగుచున్న వాహనమునకు, క్రొత్తగా లోనికి వచ్చు వాహనము దారి ఇయ్యవలెను. ఈ నియమము లేని కాలమున బ్రిటనులో వాహనములు వలయములోనికి తోసుకొని వచ్చి, ముందుకును వెనుకకును కదలలేక చిక్కుపడుచుండెడివి. 1966లో ఆ దేశము కుడివైపునుండి వచ్చు వాహనమునకే దారి అను నియమమును వలయ కూడళ్లకు ఏర్పరచిన తరువాత ఆ చిక్కు చాలవరకు విడినది. దారి ఇచ్చుటవలననే దారి దొరకునని ఇందువలన తెలియుచున్నది.

ఇక లెక్క యెందులకు? పురపాలక సంఘమువారు ఒక సర్కిల్‌ను పెద్దది చేయవలెనా, తీసివేసి రంగుదీపములు పెట్టవలెనా, ఒక దారిని వెడల్పు చేయవలెనా, పాదచారులకు వంతెన కట్టవలెనా యని ఆలోచించునప్పుడు మొదట అడుగునది ఈ లెక్కనే. లెక్క తప్పినచో లక్షల రూపాయలు ఖర్చు చేసి అక్కర లేని చోట రోడ్డు వెడల్పు చేయుటయు, అక్కర యున్న చోట ప్రాణములు పోవుటయు జరుగవచ్చును. ఇంజనీరు గీచు పటమునకు పునాది రోడ్డు ప్రక్క కూర్చున్న గణకుని కాగితము. ఆ కాగితము బలహీనమైనచో దానిపై కట్టినదంతయు బలహీనమే.

ఈ పనిని ఒక ఉదాహరణముతో తెలిసికొందము. ఒక పట్టణములో సర్కిల్‌కు నాలుగు దారులు కలవనుకొందము. దక్షిణమున స్టేషను, పడమట మార్కెట్టు యార్డు, ఉత్తరమున ఉన్నత పాఠశాల, తూర్పున బస్సుస్టాండు. బడి పిల్లలు సర్కిల్ దాటుట కష్టముగా నున్నదని తల్లిదండ్రులు అర్జీ పెట్టుకొనిరి. అక్కడ రెండు దినములు గణనము జరుపవలెనని అధికారులు నిశ్చయించిరి.

మొదటి పని లెక్కించుట కాదు. ఏమి తెలిసికొనదలచితిమో స్పష్టముగా వ్రాసికొనుట. మొత్తము ఎన్ని వాహనములు వచ్చుచున్నవని మాత్రమే తెలియవలెనా? లేక ఏ దారినుండి వచ్చినది ఏ దారికి పోవుచున్నదో కూడ తెలియవలెనా? నడచువారిని లెక్కింపవలెనా? ప్రశ్న మారినచో మనుష్యుల సంఖ్య, కాగితము రూపు, కూర్చుండు చోటు అన్నియు మారును. మన ఉదాహరణములో ఈ మూడును తెలియవలెను.

రెండవ పని ఆ చోటిని ముందుగా పోయి చూచుట. పర్యవేక్షకుడు గణనమునకు కొన్ని దినముల ముందే, లెక్క జరుగబోవు వేళకే, అక్కడికి పోయి ఒక పటము గీచికొనును. దారులకు అంకెలు వేయును. ఉత్తర దిక్కును గుర్తించును. బస్సు లాగు చోటు, ఆటోలు నిలుచు చోటు, తోపుడు బండ్లు ఆక్రమించిన చోటు, పిల్లలు రోడ్డు దాటు చోటు పటములో చూపును. ఎక్కడ కూర్చున్నచో చెట్టుకాని, బోర్డుకాని, నిలిచిన బస్సుకాని కంటికి అడ్డము రాదో చూచును. ఉదయము నీడ యున్నచోట సాయంకాలము ఎండ పడవచ్చును, అదియు చూచుకొనును. అదే సమయమున పోలీసువారికిని పురపాలక సంఘమువారికిని వ్రాసి అనుమతి పొందును.

మూడవది దినమును వేళను నిర్ణయించుట. సంక్రాంతికి ముందు దినము బస్సుస్టాండు దారిలో కనబడు జనమును చూచి, ఏడాది పొడవునను అట్లే యుండునని తలచుట పొరపాటు. పండుగ దినములు, బడి సెలవులు, బందులు, పెద్ద వానలు, ఊరిలో జాతరలు, సంత దినము సామాన్య దినములు కావు. అందుచేత సాధారణముగా మంగళ, బుధ, గురువారములలో ఒకదానిని ఎన్నుకొందురు. ఆ దినముననే సంత జరుగు ఊరైనచో దానిని విడిచి, సంత లెక్క కావలసినయెడల వేరుగా తీయుదురు. ఇక వేళ. ఉదయము ఎనిమిదినుండి పదకొండు వరకును, సాయంకాలము నాలుగునుండి ఏడు వరకును లెక్కించినచో, బడులు, కచేరీలు తెరచు వేళయు మూయు వేళయు అందులో చేరును. లెక్కను పదునైదు నిమిషముల భాగములుగా వ్రాయుదురు. వరుసగా నాలుగు భాగములను కలిపి చూచినచో ఏ గంటలో రద్దీ హెచ్చుగా నున్నదో తెలియును. ఆ గంట ఎనిమిదింటికే మొదలు కానక్కర లేదు; ఎనిమిదింబావుకు మొదలై తొమ్మిదింబావుకు ముగియవచ్చును. గంటకొక్కసారి మాత్రమే వ్రాసినవానికి ఈ సంగతి తెలియదు.

నాలుగవది కాగితమును సిద్ధము చేయుట. వాహనములన్నియు ఒక్కటి కావు. కాబట్టి మోటారు సైకిళ్లు, ఆటోలు, కార్లు, బస్సులు, లారీలు, ట్రాక్టర్లు, సైకిళ్లు, ఎడ్లబండ్లు అని నిలువు గడులు గీయుదురు. అడ్డముగా పదునైదు నిమిషములకొక వరుస. కాగితము పైభాగమున తేదీ, వారము, దారి పేరు, ఏ దిక్కు వాహనములు, వాతావరణము, గణకుని పేరు వ్రాయుటకు చోటుండవలెను. ఇవి లేని కాగితము ఎంత చక్కగా నిండినను చిరునామా లేని ఉత్తరము వంటిది.

గడిలో అంకెలు వేయుచు కూర్చున్నచో కన్ను రోడ్డుపైనుండి తప్పును. అందుచేత ఒక్కొక్క వాహనమునకు ఒక నిలువు గీత గీచి, నాలుగు గీతలైన పిమ్మట ఐదవదానిని ఆ నాలుగింటిపై అడ్డముగా గీయుదురు. ఐదేసి కట్టలుగా నున్న గీతలను తరువాత కూడుట సులభము. ఈ పద్ధతి మనకు క్రొత్త కాదు. పాలు పోసిన లెక్కకు గోడపై బొట్లు పెట్టిన అవ్వయు, మూటలు మోయించునప్పుడు మూటకొక గీత బొగ్గుతో గీచిన గుమాస్తాయు ఈ విద్యయే ఎరుగుదురు.

ఇప్పుడు అసలు చిక్కు వచ్చినది. మామూలు నాలుగు రోడ్ల కూడలిలో ఒక బండి ఎటు తిరిగినదో నిలబడినచోటినుండియే చూడవచ్చును. వలయ కూడలిలో అట్లు కాదు. లోనికి వచ్చిన ప్రతి బండియు మొదట ఎడమకే తిరుగును. పిదప ఇతర బండ్లలో కలసి, దిమ్మె వెనుకకు పోయి కనుమరుగగును. అది ఎక్కడ బయటపడినదో తెలియుటకు ప్రతి బండి వెంట ఒక్కొక్క మనిషిని పంపలేము కదా! ఇక్కడ లెక్కల పాఠము సాయపడును.

ప్రతి దారి మొగమున వచ్చు బండ్లను, పోవు బండ్లను వేరుచేయు చిన్న తిన్నె యుండును. ఒక్కొక్క దారిలో మూడు సంఖ్యలను మాత్రము తీసికొందురు. మొదటిది, ఆ దారినుండి వలయములోనికి వచ్చిన బండ్లు. రెండవది, వానిలో వెంటనే ఎడమ దారికి పోయినవి. మూడవది, ఆ దారి తిన్నె ఎదుటగా వలయములో సాగిపోయినవి. ఈ మూడింటిని కంటితో చూచి తప్పు లేకుండ లెక్కింపవచ్చును. మిగిలినవానిని తీసివేతవలన తెలిసికొనవచ్చును.

ఎట్లనగా, ఒక పదునైదు నిమిషములలో స్టేషను దారినుండి 120 బండ్లు లోనికి వచ్చినవనుకొందము. వానిలో 30 ఎడమకు తిరిగి మార్కెట్టు యార్డుకు పోయినవి. మిగిలిన 90 మార్కెట్టు దారి తిన్నె ఎదుటగా సాగిపోవలసినవే. ఆ తిన్నె ఎదుట కూర్చున్న గణకుడు 130 బండ్లను లెక్కించెను. అధికముగా నున్న ఆ 40 ఎక్కడివి? బడి దారినుండి వచ్చినవి కావు. అవి బస్సుస్టాండుకో, స్టేషనుకో, మార్కెట్టుకో ముందే తిరిగిపోవును. బస్సుస్టాండునుండి వచ్చి స్టేషనుకు గాని, మార్కెట్టుకు గాని పోవునవియు ఈ తిన్నెను చేరకయే వెడలును. కనుక ఈ 40 బండ్లును బస్సుస్టాండునుండి బయలుదేరి కుడివైపున నున్న బడి దారికి పోవునవే. ఇక బస్సుస్టాండు దారినుండి వచ్చినవి మొత్తము 150, వానిలో ఎడమకు స్టేషనుకు పోయినవి 35 అయినచో, నేరుగా మార్కెట్టుకు పోయినవి 150లో 35ను 40ని తీసివేయగా మిగిలిన 75 అని తేలును. ఎవరును చూడని ప్రయాణమును తీసివేత చూపినది! వచ్చిన దారికే మరల తిరిగిపోవు బండ్లు కొన్ని యుండును. అవి ఈ లెక్కను చెరచును గనుక వానిని వేరుగా గుర్తించుటకు ఒక గడి ఉంచవలెను. వాహనముల తరగతులు కూడ కావలెనన్నచో ఈ తీసివేతను ఒక్కొక్క తరగతికి వేరుగా చేయవలెను.

ఈ ఏర్పాటునకు దారికి ముగ్గురు చొప్పున పండ్రెండుగురు గణకులు కావలెను. పాదచారుల లెక్కకు దారికొక్కరు. వీరు గాక అలసినవారికి బదులు కూర్చుండుటకు నలుగురు, అందరిని కనిపెట్టుటకు ఒక పర్యవేక్షకుడు. మోటారు సైకిళ్లు తేనెటీగలవలె ముసరుకొను దారిలో వానికొరకే వేరొక గణకుని ఉంచుట మేలు. రెండు గంటలకు మించి ఒకనిని ఎడతెగక కూర్చుండబెట్టరాదు. కన్ను తెరచియున్నను మనస్సు నిద్రపోవుట అప్పుడే మొదలగును.

గణకుల క్షేమము అన్నిటికంటె ముందు చూడదగినది. నడుమ దిమ్మెపై కూర్చున్నచో అంతయు కనబడునని కొందరు తలతురు. కాని అక్కడికి చేరుటకే ప్రవాహమును దాటవలెను. కాగితము ఎగిరిపోయినచో దానికై పరుగెత్తు ప్రమాదమును కలదు. కాలిబాటపై, రోడ్డు అంచునకు దూరముగా, వీలున్నచో ప్రక్కనున్న డాబాపై కూర్చుండుటయే క్షేమము. పోలీసువారని తోచునట్లు నిలబడరాదు. అట్లు నిలిచినచో తోలువారు జంకి నెమ్మదించి, లెక్కింపబోవు రాకపోకలే మారిపోవును. గొడుగు, మంచినీరు, అట్ట, బిగించు క్లిప్పు, రెండు పెన్సిళ్లు, విడి కాగితములు దగ్గర నుండవలెను. వాన చినుకు పడినచో సిరా చెదరును, పెన్సిలు గీత చెదరదు.

గణనమునకు ముందు దినము ఒక అరగంట అభ్యాసము చేయింతురు. ఇద్దరు గణకులను ఒకే దారిని లెక్కింపుడని చెప్పి, ఇరువురి సంఖ్యలను పోల్చి చూతురు. ఒకడు సరకుల ఆటోను ఆటోలలో వేయగా, మరియొకడు లారీలలో వేసియుండును. ట్రాక్టరు వెనుక తొట్టి యున్నచో అది ఒకటా, రెండా యని సందేహము కలుగును. ఈ తగవులన్నియు ముందు దినమే తీరవలెను. లెక్క నడుమ తీర్చుకొనుటకు వ్యవధి యుండదు. గడియారము లన్నిటిని ఒకే వేళకు సరిచేయుదురు. స్టేషను దారి గణకుని గడియారము మూడు నిమిషములు వెనుకబడినచో, మీద చెప్పిన తీసివేత యంతయు వ్యర్థమగును.

ఇంత చేసినను ఒక అపాయము మిగిలియున్నది. అది గణకుని మనస్సులోనే యున్నది. నడుమ ఒకసారి చూపు మరలినది. పది బండ్లో పదునైదో పోయినవి. ఎవరును చూడలేదు. అప్పుడు ఊహించి కొన్ని గీతలు గీయుదమను ఆశ పుట్టును. అట్లు గీచిన గీతకును నిజమైన గీతకును కాగితముపై భేదము కనబడదు. అందుచేతనే అది మిక్కిలి హానికరము. ‘ఎనిమిది గంటల నలువది నిమిషములకు మూడు నిమిషములు చూడలేదు’ అని అంచున వ్రాసినవాడు లెక్కకు లోపము చేసినవాడు కాడు, లెక్కను కాపాడినవాడు. ఖాళీగడి తన లోపమును తానే చెప్పుకొనును. అబద్ధపు గడి చెప్పుకొనదు.

ఇంకొక సూక్ష్మము గమనింపదగినది. గణకుడు లెక్కించునది దాటిపోయిన బండ్లనే. దాటలేక నిలిచిపోయినవానిని కాదు. బస్సుస్టాండు దారిలో బండ్లు బారులు తీరి కదలక నిలిచినచో, ఆ పావుగంటలో గీతలు తగ్గును. కాగితము మాత్రము చూచినవాడు ‘అప్పుడు రద్దీ తక్కువ’ అని తలచును. నిజమునకు అప్పుడే రద్దీ ఎక్కువ! కనుక ప్రతి పావుగంట చివరను వేచియున్న బారు ఎంత పొడవున్నదో, ఏ స్తంభము వరకు వచ్చినదో వ్రాయవలెను.

లెక్క ముగిసిన పిదప పరీక్ష. పర్యవేక్షకుడు నడుమ నడుమ ఏదో ఒక దారినుండి బయటకు పోవు బండ్లను తానే లెక్కించి యుంచుకొనును. మన ఉదాహరణములో మార్కెట్టు దారిని పోవలసినవి స్టేషనునుండి 30, బస్సుస్టాండునుండి 75, బడి దారినుండి కుడికి తిరిగినవి 20 అయినచో మొత్తము 125. ఆయన లెక్కలో 123 ఉన్నచో భయము లేదు. పావుగంట మొదటను చివరను వలయములోపల ఉండిపోయిన బండ్లవలన అంత భేదము సహజము. 90 ఉన్నచో ఎక్కడనో తప్పు జరిగినది, వెదకవలెను.

తరువాత వేర్వేరు వాహనములను ఒకే కొలతకు తెత్తురు. ధాన్యమును, బెల్లమును, ఉప్పును కలిపి తూచినట్లు కారును, బస్సును, సైకిలును కలిపి కూడరాదు గదా! 1934లో ఏర్పడిన భారత రహదారి కాంగ్రెసు అను సంస్థ వలయ కూడళ్లను గూర్చి 1976లో వెలువరించిన గ్రంథములో, కారును గాని ఆటోను గాని 1గా గ్రహించి, మోటారు సైకిలును 0.75గాను, సైకిలును 0.5గాను, బస్సును గాని పెద్ద లారీని గాని 2.8గాను లెక్కించిరి. పశువులు లాగు బండికి 4 నుండి 6 వరకు వేసిరి. మెల్లగా నడచు ఎడ్లబండి బస్సుకంటె ఎక్కువ దారి కాలమును ఆక్రమించునన్న మాట. ఒక దారిలో గంటకు 400 మోటారు సైకిళ్లు, 120 కార్లు ఆటోలు, 25 బస్సులు లారీలు, 60 సైకిళ్లు వచ్చినచో, అవి క్రమముగా 300, 120, 70, 30 ప్రమాణములై, 605 వాహనములు 520 ప్రమాణములగును. ఆ గ్రంథమే అన్ని దారులనుండి కలిపి గంటకు సుమారు 3000 వాహనముల వరకు వలయ కూడలి చక్కగా పనిచేయునని చెప్పినది. 2017లో ఆ గ్రంథము సవరింపబడినది. కావున ఏ గ్రంథమును అనుసరించి లెక్క కట్టిరో నివేదికలో తప్పక వ్రాయవలెను.

ఈ కాలమున కెమెరాలును, యంత్రములును వాహనములను లెక్కించుచున్నవి. అయినను మనుష్యుని లెక్కకు పని తీరలేదు. యంత్రము సరిగా లెక్కించుచున్నదో లేదో చూచుటకు మనుష్యుని లెక్కయే ఒరగల్లు. కెమెరా పెట్టుటకు వీలులేని చిన్న పట్టణములలో ఒక అట్ట, ఒక పెన్సిలు, ఒక గడియారము, ఓర్పుగల ఒక మనిషి చాలును. విద్యార్థులు ఈ విద్యను అభ్యసింపగోరినచో ఉపాధ్యాయుల ఎదుట, బడి ప్రహరిలోపలినుండియో డాబాపైనుండియో పావుగంట లెక్కించి, ఇద్దరి లెక్కలను పోల్చి చూచుకొనవచ్చును. రోడ్డు అంచునకు మాత్రము పోరాదు.

కడపట తల్లిదండ్రుల అర్జీ సంగతి. వాహనములను మాత్రమే లెక్కించి యుండినచో, ఆ కూడలిలో నడచువారెవరును లేరన్నట్లే నివేదిక పలికియుండును. లారీ తన చప్పుడుతో తన్ను తెలుపుకొనును. పుస్తకముల సంచితో కాలిబాట అంచున నిలిచి, ఇటు నటు చూచుచు, దారి ఎప్పుడు దొరకునా యని వేచియున్న పిల్లవానికి చప్పుడు లేదు. అతనికి గీయు ఒక్క నిలువు గీతయే అతని పక్షమున పలుకు మాట. లెక్కలోనికి రానివారు ఏర్పాటులోనికి రారు. అందుచేత గణకుని చేతిలోని పెన్సిలు కారుకు, బస్సుకు, సైకిలుకు, నడచువానికి సమముగా కదలవలెను. ఒక గీతను మరువకుండుట, ఒక గీతను కల్పింపకుండుట అను ఈ రెండింటిని పాటించినవాడు రోడ్డు ప్రక్క కూర్చుండియే పలువురి ప్రాణములకు కావలి కాచినవాడగును.